మొదటి అంగుళం లేని టేపు

నేను ఒక టేపును. దర్జీలు మెడలో వేసుకు తిరిగే పసుపుపచ్చ టేపును. ఒకవైపు అంగుళాలు, రెండోవైపు సెంటీమీటర్లు. పుట్టినప్పుడు అరవై అంగుళాలుండేవాణ్ణి, తర్వాత యాభైతొమ్మిదయ్యాను. ఆ ఒక్క అంగుళం మూలంగా చీరాల ఊళ్ళో ముగ్గురు పెద్దవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. అందులో నా తప్పు ఇసుమంతైనా లేదు. ఆ సంగతి నన్నెవరూ అడగరు కాబట్టి నేనే చెప్పుకుంటున్నాను. ముందే చెబుతున్నా, నాకు ఓపిక తక్కువ. ఇరవై రెండేళ్ళు మనుషుల నడుములు కొలిస్తే మీకూ అంతే ఉంటుంది.

నన్ను చేసిన ఫ్యాక్టరీ ఏ ఊళ్ళో ఉందో నాకు తెలియదు. గాజుపీచు గుడ్డ మీద ప్లాస్టిక్ పూత పూసి, అంకెలు అచ్చొత్తి, రెండు చివర్లా ఇత్తడి తొడుగులు నొక్కి, డజను మందిని ఒకే రబ్బరు బ్యాండులో బిగించి పంపేశారు. గడియారస్తంభం వెనక సందులో ప్యాంట్లు, చొక్కాలు కుట్టే మస్తాన్ వలి నన్ను కొని మెడలో వేసుకున్నాడు. ఊరంతా ఆయన్ని మస్తాన్ మాస్టారంటారు.

ఆ మెడ మీద కూర్చుని నేను మనుషుల్ని చదివాను. నన్ను నడుం చుట్టూ తిప్పగానే ప్రతి మగవాడూ ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటాడు. నా ముందు దాచి ఏం లాభం? వారం తర్వాత ప్యాంటు బిగుతైందని వచ్చి మాస్టారి మీద అరుస్తాడు. మాస్టారు పొట్టలు లాక్కునేవాళ్ళకి రెండంగుళాలు, లాక్కుని పైగా నవ్వేవాళ్ళకి మూడంగుళాలు కలుపుకునేవాడు. ఒక్కడైనా "నా నడుం ఇంత" అని ఒప్పుకున్న పాపాన పోలేదు.

పదకొండేళ్ళ కిందట ఒక రంజాను ముందు, పని ఒత్తిడిలో ఇస్త్రీపెట్టె నా తల మీద పెట్టేశారు. ఇత్తడి తొడుగు ఊడిపోయింది, మొదటి అంగుళం ముడుచుకుపోయింది. మాస్టారు నన్ను పారెయ్యలేదు. కత్తెర తీసుకుని సరిగ్గా ఒకటో గీత మీద కోసేశాడు. అప్పట్నుంచి నా మొదటి గీత ఒకటి, నా మీద మొదట కనిపించే అంకె రెండు. ముప్పైనాలుగు దగ్గరికి వస్తే మాస్టారు ముప్పైమూడని రాసుకునేవాడు. ఆ తీసివేత ఆయన వేళ్ళలోకి వెళ్ళిపోయింది. పదకొండేళ్ళలో ఒక్క చొక్కా చెడలేదు.

అలా నా బతుకు నేను బతుకుతుంటే చక్రపాణి వచ్చాడు.

చక్రపాణి జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లాబ్ అసిస్టెంటు. నలభై ఏళ్ళు, పెళ్ళి కాలేదు, అద్దెమేడ మీద ఒక్కడే ఉంటాడు. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసి నాలుగు మాటలు మాట్లాడలేడు, ఒక్క విషయం మీద తప్ప. ఆ విషయం మొదలైందంటే ఎదుటివాళ్ళకి తల ప్రాణం తోకకొస్తుంది. మునుపు బెంగుళూరులో ఉద్యోగం చేసినప్పుడు స్నేహితులతో ఒక ఆట నేర్చుకొచ్చాడు. బల్ల మీద గుట్టలు, అడవులు పేర్చి, వేలెడంత బొమ్మల సైన్యాలు రెండు నిలబెట్టి యుద్ధం ఆడతారు. రాక్షసులు, మాంత్రికులు, రెక్కల జంతువులు అన్నీ ఉంటాయి. బొమ్మ ఎంత దూరం నడవాలో టేపుతో కొలుస్తారు, దెబ్బ తగిలిందో లేదో పాచిక వేసి తేలుస్తారు. అసలు బొమ్మలు విదేశాల నుంచి రావాలి. ఒక్కో బొమ్మ ధరకి చీరాలలో వారం రోజుల కూరగాయలొస్తాయి. అందుకని ఇతను అన్నీ చెత్తలోంచే చేసుకున్నాడు.

మాస్టారి కొట్టుకి గుండీల కోసం వచ్చాడు. బొమ్మల డాళ్ళకట. ఖాళీ దారపు రీళ్ళు కోటబురుజులకట. పనిలో పనిగా పాత టేపేమైనా ఉందా అని అడిగాడు. మాస్టారు అప్పుడే కొత్తది కొన్నాడు. నన్ను మెడలోంచి తీసి అతని చేతిలో పెడుతూ స్పష్టంగా, అక్షరం అక్షరం చెప్పాడు.

"సారూ, దీనికి మొదటి అంగుళం లేదు. ఒకటి తీసేసి చదువుకోండి."

ఆ సమయంలో చక్రపాణి రబ్బరు బల్లికి విరిగిన గొడుగు గుడ్డతో రెక్కలెలా అతికించాడో చెబుతున్నాడు. "ఊఁ, ఊఁ" అని, మళ్ళీ రెక్కల దగ్గరికెళ్ళిపోయాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఇరవై రెండేళ్ళు కొలువు చేసిన నన్ను చుట్ట చుట్టి గుండీల సంచిలో పడేశాడు.

మేడ మీద నేను చూసింది చెబితే మీరు నమ్మరు. ఫ్రిజ్జు డబ్బాలోంచి వచ్చిన థర్మోకోలు గుట్టలు. గిన్నెలు తోమే పచ్చపీచు అడవి. కిరాణా పొట్లాల్లో ఉచితంగా వచ్చిన బొమ్మలకి సోడామూతల పీటలు, గోళ్ళరంగు కవచాలు. ఒక ప్లాస్టిక్ గొరిల్లాకి అగ్గిపుల్లలతో కొమ్ములు పెట్టి బ్రహ్మరాక్షసుడన్నాడు. అంతా బాగానే ఉంది. మరి ఆడేదెవరితో? కుడిచెయ్యి మనుషుల సైన్యం, ఎడమచెయ్యి రాక్షసుల సైన్యం. మూడేళ్ళుగా ఇదే యుద్ధం. కుడిచేత్తో పాచిక వేసి, బల్ల చుట్టూ తిరిగి అటువైపు నిలబడి, తన మీద తనే పళ్ళు కొరికేవాడు. ఒకసారి ఎడమచెయ్యి గెలిస్తే ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. నాకు విసుగూ వచ్చింది, జాలీ వేసింది. అతనికి కావలసింది ఇంకో సైన్యం కాదు, బల్లకి అవతల ఒక మనిషి.

చివరికి ధైర్యం చేసి జిరాక్సు షాపు గోడకి కాగితం అతికించాడు. "పిల్లలాడి వదిలేసిన బొమ్మలున్నాయా? పారెయ్యకండి, పట్టుకురండి. వాటితోనే సైన్యం చేసుకుందాం. ఖర్చు లేని యుద్ధం. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి. టీ ఇస్తాను."

నలుగురొచ్చారు. కొత్తవాళ్ళు కదా, చేతికి నాలుగు బొమ్మలిచ్చి ఆడించాలా వద్దా? లేదు. నూట నలభై పేజీల నోటుబుక్కు తెరిచాడు. నియమాలన్నీ చేత్తో రాసుకున్నాడు. మాంత్రికుడి చూపు గుట్ట అవతలికి పోతుందా పోదా అన్న ముక్క మీదే నలభై నిమిషాలు చెప్పాడు. ఒకాయన టీ తాగి వెళ్ళిపోయాడు. ఇంకొకాయన టీ రాకముందే వెళ్ళిపోయాడు. ఇద్దరు మిగిలారు. ఒకరు కోటిరెడ్డి, సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చి బ్యాంకు గేటు దగ్గర తుపాకీ పట్టుకు నిలబడే మనిషి. రెండోవారు ఎస్తేరు సిస్టరు, ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో నర్సు.

"పదిహేడేళ్ళు మంచులో కాపలా కాశానయ్యా చక్రపాణీ, ఇంత కష్టం ఏనాడూ పడలా" అన్నాడు కోటిరెడ్డి.

ఎస్తేరు సిస్టరు నోటుబుక్కుని మెల్లగా మూసేసింది. "ఐదేసి బొమ్మలిచ్చి మొదలుపెట్టండి సార్. చచ్చేవి చస్తాయి, ఈలోపు మేం నేర్చుకుంటాం."

అదృష్టం బాగుండి ఆ ఒక్కసారి చక్రపాణి విన్నాడు.

తర్వాత మూడు ఆదివారాలు ఆ మేడ మీద నవ్వులు వినిపించాయి. కోటిరెడ్డి నిజం సైనికుడు కాబట్టి తన బొమ్మలన్నీ బిస్కెట్టు డబ్బా కోటలో దాచి కదిలేవాడు కాదు. "వాళ్ళని రానీయ్, తొందరేముంది" అనేవాడు. ఎనిమిది వంతులు గడిచినా ఒక్క దెబ్బ పడేది కాదు. ఎస్తేరు సిస్టరు టీకాసీసాల రంగురంగుల మూతలు కడిగి తెచ్చి తన గుర్రాలకి పీటలు చేసుకుంది. చర్చి నుంచి నేరుగా ఇక్కడికే వచ్చేది. ఊళ్ళో ఎక్కడ కూర్చున్నా ఎవరో ఒకరు వచ్చి "సిస్టరు, ఈ వాపు కాస్త చూడండి" అంటారట. ఇక్కడ ఎవరికీ వాపుల్లేవు, అదే సుఖం అనేది. చక్రపాణి ఆదివారాలు పొద్దున్నే లేచి బల్ల తుడిచేవాడు. మూడో కప్పు కొన్నాడు. ఆ కప్పుని ఎన్నిసార్లు కడిగాడో నేను చూశాను.

నాలుగో ఆదివారం కొంప మునిగింది. ముగ్గురికీ నేనొక్కణ్ణే, ఒకరు కొలిచేదాకా ఇంకొకరు ఆగాలి. అందుకని సిస్టరు తన టేపు తెచ్చుకుంది. నిగనిగలాడే కొత్త టేపు, అరవైకి అరవై అంగుళాలూ ఉన్నది. గుర్రాలు పన్నెండు అంగుళాలు పోవచ్చు. ఆమె తన టేపుతో పన్నెండు కొలిచి చక్రపాణి మాంత్రికుడి మీదికి తోలింది. చక్రపాణి నన్ను పరిచి సరిచూశాడు. పదమూడు.

"సిస్టర్ గారూ, పదమూడు జరిపారండీ."

"పన్నెండే సార్." మళ్ళీ కొలిచింది. పన్నెండే.

రెండు టేపుల్నీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు కదా అంటారేమో. పెట్టాడు! మొదళ్ళు కలిపి పట్టుకుని, కళ్ళు మాత్రం రెండో చివరన పెట్టాడు. ఆమెది పన్నెండున్న చోట నాది పదమూడుంది. ఇంకేముంది, ఆమె టేపు సాగిపోయిందని తీర్మానించేశాడు. నాయనా, ఇటు చూడు, నా మొదట ఒకటి లేదురా అని నేను గింజుకున్నాను. టేపు గింజుకుంటే ఎవరికి వినపడుతుంది? కళ్ళు పెట్టి చూడాల్సిన చోటు జానెడు దూరంలో ఉంది. కోపమొచ్చిన మనిషి జానెడు దూరం చూడలేడు.

"పసిపిల్లల తలలు కొలిచే చెయ్యి సార్ ఇది. గీత తేడా రానివ్వను" అంది ఆమె.

అప్పుడన్నాడు ఆ మాట. "ఆసుపత్రిలో కూడా ఇలాగే కొలుస్తారా?"

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు. ఎస్తేరు సిస్టరు చేతిసంచి తీసుకుని మెట్లు దిగిపోయింది. టేపు, గుర్రాలు బల్ల మీదే ఉండిపోయాయి. కోటిరెడ్డి లేచి చెప్పులేసుకుంటూ, "తప్పయ్యా. ఆటకి పిలిచి ఆ మాట అనకూడదు" అని ఆమె వెనకే దిగిపోయాడు.

పై ఆదివారం ఎవరూ రాలేదు. చక్రపాణి మూడు కప్పులూ బల్ల మీద పెట్టి నాలుగున్నర దాకా కూర్చున్నాడు. తర్వాత అలవాటుగా కుడిచేత్తో పాచిక తీశాడు. వెయ్యలేకపోయాడు. మూడేళ్ళు ఒక్కడే ఆడినవాడు, నాలుగు వారాలు మనుషులతో ఆడేసరికి ఆ ఒంటరి ఆట చేతకాకుండా పోయింది. బొమ్మలన్నీ అట్టపెట్టెలో సర్దేశాడు. పాతసామాన్లవాడికి ఇచ్చేద్దామనే అనుకున్నాడు. నా మీద ఒట్టు, ఆ సాయంత్రం నాకు అతని మీద కోపం రాలేదు. ఏడుపొచ్చింది.

కానీ మనిషి మనిషే కదా. అంత బాధలోనూ తనదే ఒప్పని రుజువు కావాలి. సోమవారం సాయంత్రం మా రెండు టేపుల్నీ జేబులో వేసుకుని మస్తాన్ మాస్టారి దగ్గరికి తీర్పుకెళ్ళాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నవాడు ఆ మద్దెలని కంసాలి దగ్గరికి తీసుకెళ్ళి తూకం వేయించినట్టుంది వ్యవహారం.

"మాస్టారూ, ఈ రెంట్లో ఏది కరెక్టో చెప్పండి."

మాస్టారు నన్ను వేళ్ళతో తడిమాడు. కళ్ళు మసకబారాయి, అయినా వేళ్ళకి గుర్తుంది. "ఏంది సారూ, పరాచికాలా? దీనికి మొదటి అంగుళం లేదని ఇచ్చిన రోజే చెప్పాను గదా. ఒకటి తీసేసి చదవమన్నాను."

"చెప్పారా?"

"చెప్పా. మీరు బల్లి సంగతి చెప్తా ఉన్నారు."

చక్రపాణి నా మొదలు పట్టుకుని చూశాడు. ఇన్నాళ్ళకి చూశాడు. రెండు అంకె ముందు ఏమీ లేదు. కొట్టు ముందున్న బెంచీ మీద కూలబడ్డాడు. తన సైన్యాలు అన్నాళ్ళూ అంగుళం తక్కువ నడిచినందుకు కాదు. గీత తప్పని మనిషిని పట్టుకుని ఏమన్నాడో అప్పుడు తెలిసొచ్చింది.

బుధవారం టీకాల రోజు. ఆరోగ్యకేంద్రం వరండాలో పాతిక మంది తల్లులు, పిల్లల ఏడుపులు. చక్రపాణి సెలవు పెట్టి, మా రెండు టేపుల్నీ జేబులో వేసుకుని ఆ లైన్లో నిలబడ్డాడు. చేతిలో బిడ్డ లేకుండా ఆ లైన్లో నిలబడ్డ మగవాణ్ణి అందరూ వింతగా చూశారు. క్షమాపణ కాగితం మీద రాసుకొచ్చాడు, నాలుగు పేజీలు. దేవుడా అనుకున్నాను.

వంతు వచ్చింది. ఎస్తేరు సిస్టరు తల ఎత్తలేదు. "మీ టేపు" అన్నాడు. "అక్కడ పెట్టండి" అంది.

"తప్పు టేపుదండీ. అంటే, నా టేపుది."

నాకు ఒళ్ళు మండిపోయింది. మొదలూ చివరా లేకుండా అన్నీ నా నెత్తినే!

అప్పుడామె తలెత్తింది. "టేపుకి నోరుందా సార్, ఆ మాట అనడానికి?"

చక్రపాణి నాలుగు పేజీలూ మడిచి జేబులో పెట్టేసుకున్నాడు. వెనక్కి తిరిగి పాతిక మంది తల్లుల ముందు గట్టిగా చెప్పాడు. "నేను ఈ సిస్టర్ గారి కొలత తప్పన్నాను. ఆసుపత్రిలోనూ ఇలాగే కొలుస్తారా అన్నాను. ఈమె కొలతే సరైంది. నాకు ముందే చెప్పారు, నేను వినలేదు. తప్పు నాది."

మనవణ్ణి ఎత్తుకున్న ఒక ముసలామె అడిగింది, "ఏం కొలత నాయనా అది? బిడ్డదా?"

"కాదమ్మా. బొమ్మ గుర్రం ఎంత దూరం పరిగెత్తిందీ అని."

ముందు ఆ ముసలామె నవ్వింది, తర్వాత లైనంతా నవ్వింది. ఏం గుర్రం, ఏం పందెం అని ప్రశ్నలు మొదలయ్యాయి. ఎస్తేరు సిస్టరు నవ్వలేదు. "లైను ఆగిపోతోంది, పక్కకి జరగండి సార్" అంది. అంతే. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

ఆదివారం మూడయింది. మూడుంపావయింది. మెట్ల మీద అలికిడి లేదు. చక్రపాణి గుమ్మంలో నిలబడి బల్లనీ మెట్లనీ మార్చి మార్చి చూస్తున్నాడు. మూడున్నరకి చాలా చెప్పుల చప్పుడు ఒక్కసారే వినిపించింది. ముందు ఎస్తేరు సిస్టరు, వెనక కోటిరెడ్డి, ఆ వెనక ముసలామె, ఆమె కోడలు బిడ్డనెత్తుకుని, ఇంకొక తల్లి, ఆశా వర్కరు, ఆసుపత్రి ఫార్మసిస్టు, వాళ్ళందరినీ ఎక్కించుకొచ్చిన ఆటో డ్రైవరు. ఒక్కొక్కరి చేతిలో ఒక విరిగిన బొమ్మో, చెవిలేని ఏనుగో, కేకు మీద పెట్టే పెళ్ళికూతురో ఉంది.

"ఇవాళ మీరు మాట్లాడరు సార్, టీ పెడతారు. నియమాలు నేను చెప్తాను" అంది సిస్టరు. పది నిమిషాల్లో చెప్పేసింది. టీకా వేసేటప్పుడు తల్లులకి చెప్పినట్టే, ఏది ముఖ్యమో అదే చెప్పింది. నూట నలభై పేజీల్లో ఏ ఒక్కటీ ఎవరికీ లోటనిపించలేదు.

చిక్కల్లా కొలత దగ్గరొచ్చింది. "ఇంతమందికి రెండు టేపులేం చాలతాయి? అంకెలు చూసేగా మొన్న పోట్లాట" అంటూ ఆమె చుట్టూ చూసింది. "మనిషి ఆరంగుళాలు నడుస్తాడు. ఆరంగుళాల ముక్క తలా ఒకటుంటే సరి. గుర్రానికి రెండుసార్లు పెట్టుకుంటారు. కత్తెరేది సార్?"

చెయ్యి నా మీదే వేసింది. చక్రపాణి ఉలిక్కిపడ్డాడు. "వద్దండీ, ఇరవై రెండేళ్ళ టేపండీ అది." నా పక్షాన ఒక మనిషి మాట్లాడటం నా జన్మలో అదే మొదలు. కానీ బల్ల చుట్టూ బొమ్మలు పట్టుకుని నిలబడ్డవాళ్ళని చూశాడు. తర్వాత అతనే నా రెండో చివర పట్టుకుని బిగించి లాగాడు, కోత వంకర పోకుండా.

నొప్పేం లేదు. కోపం మాత్రం ఉంది. తొమ్మిది ముక్కలు తెగాయి. చివర మిగిలిన అయిదంగుళాల తునకని పసివాడు నోట్లో పెట్టుకుంటే సిస్టరు లాగి పారేసింది. కొత్తవాళ్ళు ఆరుగురికీ, కోటిరెడ్డికీ, చక్రపాణికీ ఒక్కొక్కటి. తొమ్మిదోది, ముప్పైఒకటి నుంచి ముప్పైఏడు దాకా ఉన్నది, ఊళ్ళో నడుములన్నీ అరగదీసిన ముక్క. దాన్ని చక్రపాణి తీసుకెళ్ళి మస్తాన్ మాస్టారి చేతిలో పెట్టాడు. "పై ఆదివారం రండి మాస్టారూ" అని ఒక్క మాటే అన్నాడు. మాస్టారు ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఇప్పుడు నేనంటే ఏ ముక్క అని అడక్కండి. తొమ్మిది చోట్లా నేనే, తొమ్మిది చోట్లా విసుగే. ఆ వారమంతా నేను పడ్డ పాట్లు పగవాడిక్కూడా వద్దు. ఫార్మసిస్టు మందుల రిజిస్టరులో గుర్తు పెట్టుకున్నాడు. ముసలామె వక్కాకు సంచికి కట్టేసింది. ఆటోవాడు అద్దానికి వేలాడదీశాడు. కోటిరెడ్డి బ్యాంకు గేటు దగ్గర నిలబడి తన తుపాకీ ఎన్ని ముక్కలుందో కొలిచాడు. వీళ్ళని నమ్ముకుని ఆ పిచ్చి చక్రపాణి ఇంకో ఏడు కప్పులు కొన్నాడు. మళ్ళీ వస్తారని ఏం నమ్మకం? మొదటిరోజు సరదాకి ఎవరైనా వస్తారు. రెండోసారి వచ్చేవాడే మనవాడు.

పై ఆదివారం చక్రపాణి రెండింటి నుంచే గుమ్మంలో ఉన్నాడు. వచ్చిన ప్రతివాళ్ళ దగ్గరా ముక్క తీసుకుని బల్ల అంచున అంకెల వరస ప్రకారం పేర్చాడు. ముసలామె సంచి ముడి విప్పింది. ఆటోవాడు అద్దం మీంచి తెంపుకొచ్చాడు. మూడింటికల్లా ఎనిమిది ముక్కలు చేరాయి. ముప్పైఒకటికీ ముప్పైఏడుకీ మధ్య ఖాళీ ఉంది. చక్రపాణి ఆట మొదలుపెట్టమనలేదు. ఆ ఖాళీ వంకే చూస్తున్నాడు.

మెట్ల మీద దగ్గు వినిపించింది. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతూ మస్తాన్ మాస్టారు వచ్చాడు.

"ఏంది సారూ, మంచి వస్తువిస్తే ముక్కలు చేస్తారా?" అని రొప్పుతూ కేకలేశాడు. "ఇరవై రెండేళ్ళు మెళ్ళో వేసుకున్నాను దాన్ని!"

చక్రపాణి కుర్చీ జరిపాడు. మాస్టారు చొక్కా జేబులోంచి ముక్క తీసి, వేలితో బల్ల అంచు తడుముకుంటూ పోయి, ఖాళీ దొరికిన చోట దాన్ని పెట్టి, ముడత లేకుండా బొటనవేలితో నిమిరాడు.

యాభైనాలుగు అంగుళాల పొడవునా ఎక్కడా ఖాళీ లేదు.